కలువల మడి

నిలవ నీళ్ళంటే నాకు పడదు. ఏజెన్సీలో నర్సుగా చేసినన్నాళ్ళూ నా పనిలో సగం ఆ నీళ్ళతోనే సరిపోయింది. కుండ బోర్లించండి, పాత టైర్లో నీళ్ళు పారబోయండి, తొట్టి మీద మూత పెట్టండి అంటూ ఊరూరా తిరిగి గొంతు పోగొట్టుకున్నాను. నేను జీపు దిగుతున్నానని తెలిస్తే చాలు, ఆడవాళ్ళు ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ ఒంపేసేవారు. పాపం, తాగే నీళ్ళు కూడా. మలేరియా కాలంలో కొబ్బరి చిప్పలో చెంచాడు నీళ్ళు కనబడినా ఇంటావిడతో గొడవ పెట్టుకునేదాన్ని. అలాంటిది, రిటైరై హాయిగా కూర్చుందామనుకున్న నా ఇంటి ముందే, అరుగు దిగి నాలుగడుగులు వేస్తే కాలు దిగబడేంత దగ్గర్లో, ఇంత పెద్ద చిత్తడి వెలిసింది. దాన్ని చూసి మా ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఇప్పుడు దీన్ని బోర్లించు, సూద్దాం" అన్నాడు.

ఈయనది కిరండూల్ రైలు లైన్లో ఉద్యోగం. టైడా స్టేషన్లో చాలాకాలం చేశాడు. కొండల్లో చలికి అలవాటు పడిన ప్రాణం. రిటైరయ్యాక విజయనగరం పక్కన మా ఊరు పోదామని నేను, ఆ ఎండల్లో నావల్ల కాదని ఆయన, కొంతకాలం వాదులాడుకున్నాం. వాదనలో గెలిచింది నేనే. అయినా హుకుంపేట నుంచి అరకు వైపు వచ్చే దారిలో, కొండవారనున్న ఈ చిన్న పల్లెలో అద్దెకు దిగాం. మా సంసారంలో గెలుపోటములు ఇలాగే ఉంటాయి.

ఇల్లు చిన్నది, అరుగు మాత్రం పెద్దది. అరుగు మీద కూర్చుంటే ఎదురుగా పల్లంలో గెడ్డ పారుతూ కనిపిస్తుంది. కొండ మీంచి దిగే వాగును ఇక్కడ గెడ్డ అంటారు. దాని పక్కన మెట్లు మెట్లుగా వరి మళ్ళు, ఆపైన కాఫీ తోటలు. ఆ మళ్ళల్లో అన్నిటికన్నా కింద, గెడ్డను ఆనుకుని ఉన్న పెద్ద మడి మా పక్కింటావిడది.

ఆవిడ నాకంటే బాగా పెద్దది. నేను అక్కను పిలిచినట్టు అప్పా అంటాను, ఆవిడ నన్ను నర్సమ్మా అంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకూ కోడలూ ఉన్నా సేద్యం మీద పెత్తనం ఇప్పటికీ ఆవిడదే. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తుంది. మానమని నేను చెప్పని రోజు లేదు, ఆవిడ విన్న రోజూ లేదు. "నోట్లో నిప్పుంటే సలెయ్యదు నర్సమ్మా. నువ్వూ ఒకటి ముట్టించు" అని నన్నే పాడుచేయబోతుంది.

ఒక ఏడు వానలు ఎడతెరిపి లేకుండా పడ్డాయి. పట్టపగలే, అందరం చూస్తూ ఉండగానే, గెడ్డకు అవతలి వైపు కొండ చరియ చెట్లతో సహా జారి గెడ్డకు అడ్డంగా కూర్చుంది. అదృష్టం, కింద మనుషులు గానీ పశువులు గానీ లేరు. కాకపోతే పారే గెడ్డ ఆగిపోయి, నీళ్ళు వెనక్కి తన్ని, అప్ప మడిలోకి ఎక్కాయి. పొట్టకొచ్చిన వరి కొన్నాళ్ళు తలలు మాత్రం పైకి పెట్టుకుని నిలబడి, తర్వాత కుళ్ళిపోయింది. ఆ వాసన మా వంటింట్లోకి కూడా వచ్చేది.

ఊరి పెద్దవాళ్ళు వచ్చి చూసి, ఆ మట్టి కదిపితే పైనున్న కొండ కూడా దిగుతుంది, దాని జోలికి పోవద్దని చెప్పి వెళ్ళారు. అప్ప కొడుకు వినకుండా జేసీబీ తెప్పించాడు. అది దిగుడు దగ్గరే బురదలో సగానికి దిగబడింది. దాన్ని పైకి లాగడానికి ఇంకో జేసీబీని పిలవాల్సి వచ్చింది. ఊరంతా పనులు మానుకుని ఆ వేడుక చూసింది. ఆ ముచ్చట అక్కడితో తీరిపోయింది.

అప్ప ఏడవలేదు. మెట్ట మీద చోళ్ళున్నాయి, అదే రాగులు, కాఫీ ఉంది, తిండికి లోటు లేదు. ఆవిడ దిగులంతా కొత్త గురించి.

కొత్త అంటే ఏమిటో చెప్పాలి. ఈ కొండల్లో ఏ పంటనూ అమ్మవారికి ముందు పెట్టకుండా నోట పెట్టరు. మామిడికాయకు ఒక కొత్త, కొర్రలకు ఒక కొత్త, చిక్కుళ్ళకు ఒకటి, వరికి ఒకటి. కాయ చెట్టున ఊరిస్తున్నా సరే, కొత్త పెట్టే రోజు వచ్చేదాకా పిల్లలు కూడా ముట్టరు. ఈ ఊళ్ళో వరి కొత్తకు అమ్మవారి కుండలో పడే మొదటి పిడికెడు అప్ప మడిలోదే. అక్కడ అడవి కొట్టి మొట్టమొదట మడి చేసింది ఆవిడ అత్తవారి పెద్దలట. ఆ పిడికెడు పడ్డాకే తక్కిన ఇళ్ళవాళ్ళు తమ గింజలు వేస్తారు. ఒక ఏడు పంట పోయి తప్పితే తప్పులేదు. వరసగా రెండేళ్ళు తప్పితే మాత్రం ఆ వంతు పక్క మడికి పోతుంది. పోయింది మళ్ళీ రాదు.

పక్క మడి అప్ప తోటికోడలిది. ఇద్దరికీ ఎప్పటినుంచో గట్టు తగాదా. నా మడిలోకి జరిపావంటే నా మడిలోకి జరిపావని, కోడళ్ళుగా వచ్చినప్పటినుంచీ ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోరు. ఇప్పుడు ఆ గట్టు కూడా నీళ్ళలో మునిగింది. తగాదా మాత్రం పొడిగానే ఉంది.

మొదటి ఏడు కొత్తకు అప్ప వెళ్ళలేదు. ఇంట్లోనే కూర్చుని, డప్పు వినిపిస్తున్నంతసేపూ పొయ్యిలోకి చూస్తూ ఉంది. మొదటి పిడికెడు తోటికోడలు వేసింది. అప్ప దుఃఖం చూడలేక నేనొక సలహా ఇచ్చాను.

"వచ్చే ఏడు హుకుంపేట సంతలో మంచి కొత్త వడ్లు కొనుక్కొస్తానప్పా. పిడికెడే కదా, ఎవరికి తెలుస్తుంది?"

అప్ప నా వంక జాలిగా చూసింది. "సంత నా మడేటి నర్సమ్మా?" అంది.

ఆ ఏడు గడిచింది. నీళ్ళు తగ్గలేదు. కుళ్ళు వాసన పోయి నీళ్ళు తేటబడ్డాయి గానీ, నా మనసు తేటబడలేదు. సాయంత్రమైతే దోమలొస్తాయని తలుపులు బిగించేదాన్ని. కప్పలు మొదలుపెడితే మా ఆయన చెప్పేది నాకూ, నేను చెప్పేది ఆయనకూ వినిపించేది కాదు. అదొక్కటే ఆ చిత్తడి వల్ల కలిగిన లాభం అని ఇద్దరం విడివిడిగా అనుకునేవాళ్ళం.

ఆయన బాధ వేరు. నీళ్ళలో చేపలు పడ్డాయి. అరుగు మీద కూర్చుంటే అవి ఎగిరి పడడం కనిపిస్తుంది. మా ఆయనకు చేపల పులుసంటే ప్రాణం. మరో చోటైతే వారం తిరక్కుండా వలలు పడేవి. ఇక్కడ ఒక్క మనిషి కూడా దిగలేదు. ఎందుకంటే అది మడి. మడిలో పుట్టింది ఏదైనా, కొత్త పెట్టకుండా తినకూడదు. పోనీ కొత్త పెడదామంటే చేపకూ నత్తకూ ఎవరూ ఎప్పుడూ కొత్త పెట్టలేదు, దానికి రోజే లేదు. అందుకని ఊరంతా కూడబలుక్కున్నట్టు ఆ నీళ్ళను ముట్టకుండా వదిలేసింది. మంకీ క్యాపు పెట్టుకుని, శాలువా కప్పుకుని, ఆయన ఆ చేపల వంక చూసే చూపు నేను పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు.

"ఒక్కటి పడితే ఏటవుద్ది? సిన్నదే" అనేవాడు.

"పట్టండి. అప్ప మిమ్మల్నే కోసి పులుసు పెడతాది" అనేదాన్ని.

చలి మొదలవుతుండగా ఒక ఉదయం నేనిక ఆగలేక, మెకానిక్కు దగ్గర కాలిన ఇంజనాయిల్ డబ్బాడు తెప్పించి, నీళ్ళ మీద పోద్దామని బయల్దేరాను. నీటి మీద నూనె పొర పరిస్తే దోమ పిల్లలు చస్తాయి. ఉద్యోగంలో ఎన్ని గుంటల్లో పోశానో. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, డబ్బా పట్టుకుని, యుద్ధానికి పోతున్నట్టు పల్లంలోకి దిగాను.

పొగమంచు ఇంకా లేవలేదు. నీటి అంచున నిలబడి మూత తిప్పబోతుంటే మంచు మెల్లగా పైకి జరిగింది. లోపల తెల్ల కలువలు. పైఊరి చెరువులో ఉండేవి, ఆ వానకు దుంపలతో సహా కొట్టుకొచ్చినట్టున్నాయి. నేను అరుగు మీంచి చూసి ఏదో నాచు అనుకున్నదంతా కలువాకే. పూలు ఇంకా ముడుచుకోలేదు. వాటి కింద నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున పాత గట్లు, పోయినేడు నాగలి తిప్పిన మూల, అన్నీ కనిపిస్తున్నాయి. తుంగ మొక్కల మధ్య సాలీళ్ళు కట్టిన గూళ్ళ మీద మంచు దిగి, ఎవరో నాజూకైన వలలు ఉతికి ఆరేసినట్టుంది. ఒక నీటికోడి కలువాకుల మీద తన ఇంట్లో తిరుగుతున్నట్టు నడుస్తోంది. కాళ్ళ దగ్గర చిన్న చిన్న చేపలు, నేను చంపుదామని వచ్చిన దోమ పిల్లల్ని అప్పటికే ఏరుకు తింటున్నాయి.

నాకు నచ్చింది. అంతే, ఇంక దానికి వేరే మాట లేదు. అంతసేపు అంత చలిలో ఎందుకు నిలబడ్డానో తెలియదు. డబ్బా మూత తియ్యకుండానే ఇంటికొచ్చేశాను.

"అయిపోయాయేటి దోమలు?" అన్నాడు ఈయన.

"చలిగా ఉంది, రేపు పోస్తాను" అన్నాను. ఆయన నా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా కాఫీ కలుపుకొచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనలో నాకు నచ్చే గుణం అదొక్కటే.

ఆ తర్వాత రోజూ తెల్లారేసరికి అరుగు మీద నేనే ముందుండేదాన్ని. కానీ నా సంబరం బయటికి చెప్పుకునే వీల్లేదు. అది అప్ప మడి. మునిగిపోయిన ఆవిడ మడిని చూసి, అబ్బ ఎంత బాగుందో అనడానికి నాకు నోరు రాలేదు. ఎవరిల్లో కాలిపోతుంటే వెలుగు బాగుందన్నట్టు ఉంటుంది. అందుకని ఆవిడ వస్తే తల తిప్పుకుని, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు నటించేదాన్ని.

దారిన పోయేవాళ్ళకు ఆ మొహమాటం లేదు. అరకు చూడ్డానికి వచ్చిన కార్లు ఆగేవి. సెల్‌ఫోన్లు ఎత్తి, రకరకాలుగా వంగి ఫొటోలు తీసుకునేవారు. ఒకాయన అప్పనే పిలిచి, "ఈ చెరువు పేరేంటమ్మా?" అని అడిగాడు. అప్ప చుట్ట తీసి, "సెరువు కాదు బాబూ, మడి" అంది. ఆయన అర్థం కానట్టు నవ్వి, ఇంకో ఫొటో తీసుకున్నాడు.

ఒకరోజు నేను చేటలో రాళ్ళు ఏరుతూ దొంగచూపులు చూస్తుంటే, అప్ప వచ్చి పక్కన కూర్చుంది. చేటలోకి వంగి చూసింది.

"రోజూ అవే బియ్యం ఏరుతున్నావు నర్సమ్మా. అందులో రాళ్ళు లేవు."

నేను దొరికిపోయాను.

"బాగున్నాది గదా?" అంది మడి వైపు గడ్డం చూపిస్తూ. "సెప్పు, పర్నేదు. నాకూ బాగానే ఉన్నాది. అందుకే నాకు మరీ కోపం. పాడుబడితే పాడుబడిందని తిట్టుకుందును. ఇలాగ ముస్తాబై కూకుంటే ఎవుల్ని తిట్టను?"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఈ ఏడు కొత్తకు ఇక ఎన్నాళ్ళో లేదు. ఆ వంతు పోతే, రేపు చచ్చాక పెద్దాళ్ళకు ఏమని చెప్పుకుంటానో అంది. మడి ఇచ్చి పోతే నీళ్ళపాలు చేశానని అంటారట. కొండ జారితే నువ్వేం చేస్తావప్పా అన్నాను. వాళ్ళు కొండ కింద పండించారు గదా అంది.

అలా కూర్చుని చూస్తుండగానే నీటికోడి ఒక పని చేసింది. పువ్వు రాలి, నీటిలోకి వంగిన కలువ కాయ ఒకటుంటే, దాన్ని ముక్కుతో చీల్చి లోపలిది ఏరుకుని తింటోంది. ఒకటి అయ్యాక ఇంకొకటి. అప్ప మెడ చాపి చూసింది. తర్వాత లేచి, చీర మోకాళ్ళ పైకి కట్టి, నీళ్ళలోకి దిగింది. ఆ మడి మునిగాక ఆవిడ అందులో అడుగుపెట్టడం అదే మొదలు. ఒక ముగ్గిన కాయ తెచ్చి మా అరుగు మీద పెట్టి పగలగొట్టింది.

లోపల జిగురు మధ్య బోలెడు గింజలు. చోళ్ళంత ఉన్నాయి.

"ఇయ్యేటి నర్సమ్మా?"

"గింజలప్పా."

"గింజలే గదా?" అంది మళ్ళీ. ఈసారి నన్ను అడిగినట్టు లేదు.

ఆ మర్నాటి నుంచి ఆవిడ కాయలు కోసి, కుళ్ళబెట్టి కడిగి, గింజల్ని చేటలో పోసి మా పెరట్లో ఆరబెట్టింది. వాళ్ళింటి దగ్గరైతే అందరూ అడుగుతారని. ఎండేసరికి నల్లబడ్డాయి. మా ఆయన కాకుల్ని తోలడానికి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పూజారి ఒప్పుకుంటాడా అని నేనడిగితే, అప్ప "నవ్వుతారేమో" అని మాత్రం అంది. ఎవరికీ తలొంచని మనిషి నలుగురి నవ్వుకు భయపడడం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. నాకైతే ఆవిడకన్నా ఎక్కువ భయంగా ఉంది.

కొత్త పెట్టే రోజు వచ్చింది. ఊరి చివర రాళ్ళ మధ్య అమ్మవారు. డప్పులు, సాంబ్రాణి, వెదురు చేటల్లో కొత్త కంకులు పట్టుకుని ఆడవాళ్ళు. పూజారి ఊరి పెద్దాయనే, రోజులూ వారాలూ చూసి చెప్పేది కూడా ఆయనే. అందరికన్నా ముందు అప్ప నిలబడింది. ఆవిడ వెనుక, కొత్త వడ్ల చేటతో తోటికోడలు. కొంచెం ఎడంగా నేనూ మా ఆయనా.

అప్ప ఆకు పొట్లం విప్పింది. పూజారి వంగి చూశాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది వరి కాదు గదమ్మా" అన్నాడు ఆయన.

"వరని నానన్నానేటి? ఆ మడిలో ఈ ఏడు పుట్టిందిదే."

"గింజయితే ఏత్తాం. ఇది గింజో, ఒట్టి ఇత్తో నాకు తెలీదు. కొరికి సూద్దామంటే కొత్త పెట్టందే నోట పెట్టకూడదు. నోట పెట్టందే గింజని తెలీదు. మరేటి సెయ్యాల?"

అక్కడ చిక్కుకుంది వ్యవహారం. తలా ఒక మాట అన్నారు. కలువలకు కొత్త ఎక్కడైనా ఉందా అని ఒకరు, మడిలో పుట్టినప్పుడు మడిదే కదా అని ఒకరు. ఒడిశా వైపు చుట్టాల ఊళ్ళో తింటారని ఒకావిడ అంటే, అది వాళ్ళ అమ్మవారు, మన అమ్మవారి సంగతి చెప్పమని ఇంకొకావిడ. డప్పులవాళ్ళు ఆగిపోయి బీడీలు ముట్టించుకున్నారు. అప్ప పొట్లం పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

చివరికి పూజారి తోటికోడలి వైపు తిరిగాడు. "ఇది కాదంటే వంతు నీకొత్తాది. నీ మాటేటి?"

ఇన్నేళ్ళ గట్టు తగాదా. ఆవిడ ఒక్క మాట అనక్కర్లేదు, ఊరుకున్నా చాలు, వంతు తనదే.

తోటికోడలు తన చేట కింద పెట్టింది. అప్ప పొట్లంలోంచి అడక్కుండానే నాలుగు గింజలు తీసింది. పక్కనున్న బండ మీద పెట్టి, చిన్న రాయి తీసుకుని నూరింది. నల్ల తొక్క విడిపోయి తెల్లగా పిండి వచ్చింది. దాన్ని వేలికి అద్దుకుని పూజారికి చూపించింది.

"పిండున్నాది. గింజే" అంది. "బేగి ఎయ్యమనండి. నా వడ్లు పట్టుకుని సేతులు లాగుతన్నాయి."

చేట ఎత్తుకుని వచ్చి అప్ప వెనకాలే నిలబడింది. డప్పులు మొదలయ్యాయి. అప్ప పిడికెడు కుండలో పడింది. మా ఆయన మంకీ క్యాపు తీసి, మళ్ళీ పెట్టుకుని, ముక్కు చీదుకున్నాడు. పొగ పడలేదట.

ఆ మడి పేరున కొత్త పెట్టేశారు కాబట్టి, చేపలకైనా దుంపలకైనా మర్నాడు ఊరికి అడ్డు లేకపోయింది. పొద్దెక్కకుండానే బుట్టలతో, వలలతో జనం దిగారు. గాలం పట్టుకుని అందరికన్నా ముందు దిగింది మా ఆయన. కలువలు తెంపుతున్నారు, దుంపలు పీకుతున్నారు, నీళ్ళు బురదై పోతున్నాయి. నేను అరుగు మీద నిలబడి చూడలేకపోయాను. సంతోషమే, కాదనను. కానీ నా పొద్దుటి పూలన్నీ బుట్టల్లోకి పోతుంటే, మళ్ళీ చేట తెచ్చుకుని లేని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. వాళ్ళ తిండికి అడ్డం పడే హక్కు నాకు లేదని తెలుసు. తెలిస్తే మాత్రం బాధ ఆగుతుందా.

"నర్సమ్మా, ఏటి సేత్తన్నావక్కడ? దిగు" అని అప్ప కేకేసింది.

దిగాను. జీవితమంతా దూరంగా నిలబడి తిట్టిన నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. జివ్వుమన్నాయి. నన్ను చూసి ఆడవాళ్ళు ఒకటే నవ్వు. అప్ప నడుము లోతులో నిలబడి, ఇటు రండి, అటు తొక్కకండి అని పెత్తనం చేస్తోంది. తోటికోడలు బుట్ట తలమీద పెట్టుకుని, మునిగిన గట్టు వైపు, కలువలు బాగా దట్టంగా ఉన్న చోటికి నడుస్తోంది. ఆవిడ వెనక ఇంకో నలుగురు.

"అటేపు ఎవులూ ఎల్లకండి" అంది అప్ప. "ఆ పక్కంతా ఒచ్చే ఏటి ఇత్తనానికి ఒగ్గీండి, తెంపకండి."

తోటికోడలు ఆగి, గట్టు మాట ఎత్తకుండా బుట్ట దించుకుని, వెనక్కి తిరిగి వచ్చింది.